వాయుగుండం అనగానే మొదలుపెట్టాలి: తిరుపతి, చిత్తూరు ఇళ్లలోని దివ్యాంగ రోగులకు తుపాను సన్నాహం

2021 నవంబరు 18, 19 తేదీల్లో తిరుపతిని ముంచింది తుపాను కాదు. వాతావరణ శాఖ లెక్కలో అది వాయుగుండం మాత్రమే. 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. కానీ ఆ వాన శేషాచలం కొండల మీద కురిసి కిందికి దిగింది. స్వర్ణముఖి పొంగింది, తిరుమల ఘాట్ రోడ్లు మూతపడ్డాయి, రాయలచెరువు కట్టకు లీకు పడిందని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. చిత్తూరులో నీవా నది ఒడ్డు వీధుల్లోకి నీళ్లొచ్చాయి.

గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు చేరితేనే తుపాను అంటారు, పేరు పెడతారు. 31 నుంచి 49 వరకు వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. ఈ లెక్క గాలిది, వానది కాదు. గాలి భయం ఎక్కువగా వాకాడు, కోట, చిల్లకూరు, సూళ్లూరుపేట, తడ వంటి తీరం వైపు మండలాలకు. కొండ కింద ఉన్న తిరుపతికి, చెరువుల కింద ఉన్న చిత్తూరు పల్లెలకు భయం నీళ్లది. ఇంట్లో మంచాన ఉన్న మనిషో, ఆక్సిజన్ మీద ఉన్న మనిషో, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషో ఉంటే ‘తుపాను’ అనే మాట టీవీలో వచ్చేదాకా ఆగకూడదు.

ముందు గంటల లెక్క రాయండి

సన్నాహం అంటే సామాన్ల జాబితా అనుకుంటారు. అసలు పని అది కాదు. ఈ మనిషి బతుకు ఏయే వాటి మీద ఆధారపడి ఉందో, అవి ఆగితే ఎన్ని గంటలు గడుస్తుందో ఒక కాగితం మీద రాయాలి. కరెంటు ఆగితే ఎన్ని గంటలు? దారి తెగితే ఎన్ని రోజులు? నీళ్లు రాకపోతే? రోజూ చూసుకునే మనిషి రాలేకపోతే? చివరి ప్రశ్న చాలామంది మరచిపోతారు. వంటకూ స్నానానికీ వచ్చే ఆయమ్మ వంక అవతల ఊరి నుంచి వస్తుంటే, చప్టా మీద నీళ్లు పారిన రోజు ఆమె రాదు.

ఈ నాలుగింటికీ మూడు రోజులు, అంటే 72 గంటలు తట్టుకునే ఏర్పాటు ఉండాలి. ఏ ఒక్కదానికైనా అంత ఓపిక లేదని తేలితే, వాన మొదలవకముందే ఇల్లు మారాల్సిన వాళ్ల లెక్కలో మీరు ఉన్నట్టు. ఈ నిర్ణయం సెప్టెంబరు చివర్లో, ఈశాన్య రుతుపవనాలు రాకముందే తీసుకోండి. వాన కొట్టే రాత్రి తీసుకునే నిర్ణయం ఎప్పుడూ ‘ఇంకాసేపు చూద్దాంలే’ అనే దగ్గరే ఆగిపోతుంది.

కరెంటు: ఆక్సిజన్, బైపాప్, గాలి పరుపు

నీళ్లు నిలిచిన వీధికి విద్యుత్ సిబ్బందే సరఫరా ఆపేస్తారు. ఆపకపోతే షాకు కొడుతుంది కాబట్టి అది సరైన పనే. అంటే మీ ఇంట్లో ఫ్యూజు బాగున్నా, తీగలు తెగకపోయినా కరెంటు పోతుంది.

గదిలోని గాలి నుంచి ఆక్సిజన్ తీసే మిషన్, అంటే ఐదు లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్, సుమారు 350 వాట్లు లాగుతుంది. ఇంట్లో మామూలుగా ఉండే 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి. ఇన్వర్టర్ తినేది, బ్యాటరీని పూర్తిగా పిండకూడదు కాబట్టి వదిలేసేది తీసేస్తే చేతికొచ్చేది మూడింట రెండు వంతులు, సుమారు 1,200. దాన్ని 350తో భాగిస్తే మూడున్నర గంటలు. నాలుగేళ్ల పాత బ్యాటరీ అయితే అందులో సగమే రావచ్చు. ఫ్యాన్లు, టీవీ కూడా అదే ఇన్వర్టర్ మీద ఉంటే ఇంకా తక్కువ. అమ్మినవాళ్లు చెప్పిన గంటలు నమ్మకండి. ఒక పగటిపూట, పక్కన సిలిండరు సిద్ధంగా పెట్టుకుని మెయిన్ ఆపి, కాన్సంట్రేటర్ ఒక్కటే నడిపి గడియారం చూడండి. మీ ఇంటికి అదే లెక్క. ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమై ఉండాలి. స్క్వేర్ వేవ్ దాని మీద కంప్రెసర్ వేడెక్కి ఆగిపోతుంది.

కాబట్టి కాన్సంట్రేటర్ ఉన్న ఇంట్లో సిలిండరు తప్పదు. చిన్న బి టైపు సిలిండరులో సుమారు 1,500 లీటర్లు, పెద్ద జంబోలో సుమారు 7,000 లీటర్లు పడతాయి. నిమిషానికి రెండు లీటర్ల మీద ఉన్న రోగికి గంటకు 120 లీటర్లు ఖర్చు. బి టైపు పన్నెండు గంటలు, జంబో రెండు రోజులు దాటి వస్తాయి. మూడు రోజులకు ఒక జంబో, రెండు బి టైపు ఉంటే నిశ్చింత. తెచ్చిన రోజే రెగ్యులేటరు బిగించి చూడండి. సిలిండరు ఉండి, తిప్పే తాళం దొరకకనో, వాషరు అరిగి గాలి కారిపోతూనో ఆగిపోయే ఇళ్లే ఎక్కువ. తాళాన్ని దారంతో సిలిండరు మెడకే కట్టేయండి, రెండు వాషర్లు అదనంగా ఉంచండి. సిలిండరును గోడకు నిలబెట్టి గొలుసుతో కట్టాలి. దాని నోటికి నూనె, గ్రీజు తగలకూడదు. కరెంటు పోగానే ఇంట్లో చేసే మొదటి పని కొవ్వొత్తి వెలిగించడం. ఆక్సిజన్ ఉన్న గదిలో కొవ్వొత్తి, దీపం, అగరొత్తి, దోమల చుట్ట ఏదీ వద్దు. రెండు చార్జింగ్ లైట్లు, ఒక తలకు కట్టుకునే టార్చి ముందే కొనిపెట్టండి.

ఆయాసం పెరిగినట్టు కనిపిస్తే ప్రవాహం పెంచేద్దాం అనిపిస్తుంది. దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లలో ఇది ప్రమాదం. ఎక్కువ ఆక్సిజన్ వల్ల ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారిపోతారు. ఎంతవరకు పెంచవచ్చో డాక్టరు చేత అంకెల్లో రాయించుకుని సిలిండరుకే అంటించండి.

మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో ఊపిరికి సాయపడే బైపాప్ మిషన్ లెక్క వేరు. వేడి నీటి హ్యుమిడిఫయర్ ఆపేస్తే అది 40, 50 వాట్లతో నడుస్తుంది. అదే బ్యాటరీ మీద దాదాపు ఒక పగలూ రాత్రీ వస్తుంది. గొంతుకు గొట్టం ఉన్నవాళ్లకు కఫం లాగే మిషన్ ముఖ్యం. కాలితో తొక్కే సక్షన్ పంపు ఒకటి కొనిపెట్టుకోవాలి. అదే సైజు గొట్టం ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి, చేత్తో ఊపిరి ఊదే ఆంబు బ్యాగు దగ్గరుండాలి. ఆంబు బ్యాగు వాడటం ఇంట్లో కనీసం ఇద్దరికి రావాలి, ఎందుకంటే ఒక్కరి చేతులు పది నిమిషాల్లో అలిసిపోతాయి.

పడక పుండ్లు రాకుండా వేసే గాలి పరుపును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పంపు ఆగితే కాసేపటికి పరుపు చప్పబడి రోగి నడుము నేరుగా మంచం చెక్కను తాకుతుంది. గాలి పరుపు కింద నాలుగంగుళాల స్పాంజి పరుపు ఎప్పుడూ ఉండాలి. కరెంటు పోయిన నిమిషం నుంచి రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రి కూడా. ఎవరి వంతు ఎప్పుడో కాగితం మీద రాసుకుంటేనే ఇది జరుగుతుంది.

జెనరేటరు అద్దెకు తెస్తే అది బయటే ఉండాలి, వాన పడుతోందని వరండాలోకో మెట్ల కిందకో లాగకూడదు. దాని పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది. మంచం మీద నుంచి లేవలేనివాళ్లే ముందు చనిపోతారు.

డయాలసిస్: ఒక రోజు ముందుకు జరగండి

డయాలసిస్ కేంద్రానికి జెనరేటరు ఉంటే చాలదు. నాలుగు గంటల ఒక్క విడతకు మిషన్‌లో నుంచి వెళ్లే శుద్ధి చేసిన నీరే 120 లీటర్లు. దాన్ని తీయడానికి ఆర్‌ఓ ప్లాంటుకు అంతకంటే చాలా ఎక్కువ కావాలి. ఊరికి నీళ్లు ఆగితే కరెంటు ఉన్నా మిషన్ ఆగుతుంది. అందుకే అక్టోబరులోనే కేంద్రంలోని టెక్నీషియన్‌ను రెండు మాటలు అడగండి: డీజిల్ ఎన్ని గంటలకు ఉంది, నీళ్లు రాకపోతే ట్యాంకరు ఎవరు తెస్తారు.

వాయుగుండం కబురు రాగానే మీ వంతు ఏ రోజో చూసుకోండి. వాన గట్టిగా పడే రోజునే మీ వంతు ఉంటే, ముందు రోజుకు మార్చమని ఫోను చేయండి. అందరూ ఆఖరి రోజే అడుగుతారు, ముందడిగినవాళ్లకే దొరుకుతుంది. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు నుంచి తిరుపతికి వచ్చేవాళ్లు రెండు రోజుల ముందే వచ్చి ఇక్కడే ఉండటం మేలు. గూడూరు దగ్గర పంబలేరు, సూళ్లూరుపేట దగ్గర కాళంగి, నాయుడుపేట దగ్గర స్వర్ణముఖి, వీటిలో ఏది పొంగినా దారి చిక్కే.

వేరే కేంద్రంలో చేయించుకోవాల్సి వస్తే వాళ్లు అడిగేవి ఇవి: హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి రిపోర్టులు, పొడి బరువు (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు), రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మోతాదు, చివరి రెండు మూడు విడతల కాగితాలు, ఆధార్, ప్రభుత్వ వైద్య సేవ కార్డు. వైరస్ రిపోర్టు లేకపోతే ఏ మిషన్ మీద వేయాలో తేలక మిమ్మల్ని ఆపేస్తారు. అన్నీ ఫోనులో ఫొటోలు తీసి, కాగితాలను జిప్ కవరులో పెట్టండి.

విడత తప్పితే తిండే మందు. నీళ్లు డాక్టరు చెప్పిన కొలతలో సగానికి తగ్గించాలి. ఉప్పు, పచ్చళ్లు, అప్పడాలు మానేయాలి. సాయం అందించే బండిలో వచ్చేవి చూడండి: అరటిపండు, కొబ్బరి నీళ్లు, సాంబారన్నం. మిగతా అందరికీ అమృతమే. డయాలసిస్ మనిషికి మొదటి రెండూ గుండె ఆపేంత పొటాషియం, మూడోది ఉప్పు, నీరు. తెల్లన్నం, ఉప్పులేని ఉప్మా, బొరుగులు, బ్రెడ్డు ఇంట్లో సిద్ధంగా ఉంచుకోండి. పొటాషియం తగ్గించే పొడి అత్యవసరానికి రాసివ్వగలరా అని కిడ్నీ డాక్టరును ముందే అడగండి. కాళ్లు పట్టు తప్పినట్టు వదులైనా, పడుకుంటే ఊపిరాడకపోయినా, గుండె తప్పి కొట్టుకున్నట్టు అనిపించినా వెంటనే 108కి చేయాలి.

కడుపు ద్వారా ఇంట్లోనే డయాలసిస్ చేసుకునేవాళ్లు రోజుకు నాలుగు మార్పిళ్ల చొప్పున వారానికి 28 సంచులు, మూతలు, మాస్కులు అటక మీద ఉంచాలి. నేల మీది అట్టపెట్టెలే ముందు తడుస్తాయి.

మందులు, ఇన్సులిన్, గొట్టాలు

పది రోజుల మందులు ఎప్పుడూ నిల్వ ఉండాలి. ఫిట్స్ మందు, గుండె మందు, మానసిక వైద్యుడు రాసిన మందు ఒక్క రోజు కూడా తప్పకూడదు. పేర్లు, మోతాదులు తెలుగులో ఒకటి, ఇంగ్లిషులో ఒకటి రాసి సంచిలో పెట్టండి. ‘పొద్దున తెల్లమాత్ర, రాత్రి ఎర్రమాత్ర’ అంటే శిబిరంలోని నర్సు ఏమీ చేయలేదు.

ఇన్సులిన్ గురించి భయం కొంచెం ఎక్కువే. వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు బయట ఉన్నా సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. నవంబరు, డిసెంబరు తుపాను వానల్లో ఇక్కడ గదిలో అంత వేడి ఉండదు. మట్టికుండలో తడి ఇసుక పెట్టే పద్ధతి ఎండాకాలానికి మంచిది, గాలిలో తేమ నిండిన రోజున కుండ చల్లబడదు, ఆ అవసరమూ ఉండదు. చేయకూడనిది ఐస్‌ముక్కల మీద పెట్టడం. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వరద నీరు తగిలిన సీసాను పారేయండి.

మూత్రానికి గొట్టం వాడేవాళ్లలో, ప్రతిసారీ వేసి తీసేవాళ్లకు రోజుకు ఐదారు చొప్పున వారానికి 40 గొట్టాలు, జెల్లీ, శుభ్రమైన నీళ్లు కావాలి. ఎప్పుడూ ఉండే గొట్టం అయితే మార్చాల్సిన తేదీ చూసుకుని, తుపాను వారంలో పడితే ముందే మార్పించుకోండి. రెండు సంచులు అదనం. ఛాతీ మధ్యకంటే పైన వెన్ను దెబ్బతిన్నవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. గొట్టం మడత పడి మూత్రం ఆగితే రక్తపోటు ఒక్కసారిగా పైకెక్కుతుంది. తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు దీని గుర్తులు. వెంటనే కూర్చోబెట్టాలి, పడుకోబెట్టకూడదు. బిగుతు బట్టలు వదులు చేసి, గొట్టం మడత విప్పాలి. మోసుకెళ్లే హడావిడిలో ఇది జరిగేది ఎక్కువ.

ముక్కు గొట్టం ద్వారా తినేవాళ్లకు 50 మిల్లీలీటర్ల సిరంజిలు రెండు, రాగిపిండి, పాలపొడి, కాచి చల్లార్చిన నీళ్లు. మిక్సీ ఉండదు కాబట్టి జావను మెత్తటి బట్టలో వడకట్టాలి. తినిపించాక అరగంటైనా తలవైపు ఎత్తు దించకూడదు. ఆ అరగంటలో రోగిని ఎత్తుకుని కదిలితే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బయల్దేరే ముందు తిండి పెట్టి పంపుదాం అనే అమ్మల ప్రేమ ఇక్కడ పనికిరాదు.

పేరు ఎక్కడెక్కడ ఉండాలి

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ దివ్యాంగుల వివరాలు నమోదు చేసి ఉంచాలి, ముప్పు వచ్చినప్పుడు వాళ్లకు తెలిపే ఏర్పాటు చేయాలి. ఆచరణలో మీ పని మీరు చేసుకోండి. 2024 జులై నుంచి దివ్యాంగులకు నెలకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000 పింఛను ఇస్తున్నారు, సచివాలయం మనిషి ఇంటికే తెచ్చిస్తారు. అక్టోబరు ఒకటో తేదీన ఆ మనిషి చేతికే ఒక కాగితం ఇవ్వండి. ఇలా ఉంటే చాలు: ‘ఈ ఇంట్లో 62 ఏళ్ల మనిషి, నడవలేరు, బరువు 70 కిలోలు, ఆక్సిజన్ నిమిషానికి 2 లీటర్లు, ఎత్తడానికి నలుగురు కావాలి, ఇంటి ముందు ఆటో ఆగదు, రామాలయం మూల దాకా మోయాలి’. బరువు, మనుషుల సంఖ్య, బండి ఆగే చోటు, ఈ మూడూ లేని అర్జీ కాపాడేవాళ్లకు పనికిరాదు. ఇంకో ప్రతి ఏఎన్ఎమ్‌కు, ఆశా కార్యకర్తకు. పింఛను రానివాళ్లు, అద్దెకు వచ్చినవాళ్లు ఏ జాబితాలోనూ ఉండరు, వాళ్లు తామే వెళ్లి చెప్పుకోవాలి.

గోడ మీద పెద్దక్షరాలతో రాయాల్సినవి: అంబులెన్సు 108, అత్యవసరం 112, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్ 1070, జిల్లాది 1077, కరెంటు 1912, మానసిక సహాయం 14416.

ఎప్పుడు కదలాలి, ఎక్కడికి

వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇస్తుంది. మామూలు ఇంటికి ఎరుపు అంటే కదలాల్సిన వేళ. మీ ఇంటికి నారింజ అంటేనే ప్రయాణం. ఎరుపు వచ్చేసరికి ఆటోవాళ్లు రారు, అండర్ బ్రిడ్జిలు నిండుతాయి. తిరుపతిలో వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జి సంగతి ఊరందరికీ తెలుసు. చెరువు మొరవ (అలుగు) పారుతోందన్న కబురు వస్తే రంగు చూడనక్కర్లేదు, కట్ట కింద ఊరివాళ్లు అప్పటికే కదిలి ఉండాలి.

మొదటి ఎంపిక ఎత్తు మీద ఉన్న బంధువుల ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్ అయినా నీళ్లు చేరని వీధి. రెండోది ఆసుపత్రికి దగ్గర్లో లాడ్జి. తిరుపతిలో వీటికి కొదవ లేదు, కానీ జెనరేటరు గదిలోని ప్లగ్గుకు కూడా వస్తుందా, లైటుకూ ఫ్యానుకేనా అని అడిగి మరీ దిగండి. మూడోది ఆసుపత్రి. రుయా, స్విమ్స్ వంటి చోట్ల తుపాను రోజున మంచాలు ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు కావాలి, కరెంటు కోసం మాత్రమే వెళితే చోటు దొరక్కపోవచ్చు. వెంటిలేటర్ స్థాయిలో ఆధారపడినవాళ్లు మాత్రం ముందే మాట్లాడుకుని చేరిపోవాలి.

పునరావాస కేంద్రం ఆఖరు. అది సాధారణంగా బడి. మరుగుదొడ్డి ఆవరణ చివర, నేలబారుది, రెండు మెట్లు ఎక్కాలి. వెళ్లక తప్పదనుకుంటే ఒక మంచి రోజు ముందే వెళ్లి చూసి రండి. గట్టి ప్లాస్టిక్ కుర్చీ కూర్చునే భాగంలో గుండ్రంగా కోసి, అంచులు గీసుకోకుండా సైకిల్ ట్యూబు చుట్టి, కింద బకెట్టు పెడితే కమోడ్ తయారు. చాటుకు ఒక పాత చీర. ఆడవాళ్లు మరుగు లేదని నీళ్లు తాగడం మానేసి, రెండో రోజుకు మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం తెచ్చుకుంటారు. శిబిరంలో దివ్యాంగులకు ఎదురయ్యే జబ్బుల్లో ఎవరూ మాట్లాడని జబ్బు ఇదే.

మోయడం నేర్చుకోవాలి

బలం ఉంటే చాలు అనుకునే చోటే నడుములు విరుగుతాయి. ఎండ ఉన్న రోజున ఒకసారి అందరూ కలిసి గుమ్మం నుంచి వీధి మూల దాకా మోసి, ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి.

వీల్‌చైర్‌ను మెట్లు దింపేటప్పుడు మనిషి ముఖం కిందికే ఉండాలి. వెనక బలమైన మనిషి చేతిపిడులు పట్టి కుర్చీని వెనక్కి వాల్చి, పెద్ద చక్రాల మీద ఒక్కో మెట్టూ దింపుతాడు. ముందు మనిషి కుర్చీ చట్రాన్ని పట్టుకోవాలి. కాళ్లు పెట్టే పలకలు, చేతులు ఆనించే రాడ్లు ఊడే రకం. వాటిని పట్టి ఎత్తితే అవి చేతిలోకొచ్చి మనిషి కింద పడతాడు. నడుముకు, ఛాతీకి చున్నీతో బెల్టులా కట్టండి.

కూర్చోలేనివాళ్లకు గట్టి దుప్పటి. దుప్పటి మధ్యలో పడుకోబెట్టి రెండు అంచులనూ ఒంటి దాకా చుట్టాలి. ఇటు ఇద్దరు అటు ఇద్దరు, అరచేతులు పైకి ఉండేలా పట్టుకుని, ఒకే మాట మీద లేపాలి. మూత్రం సంచిని ముందే ఖాళీ చేసి, నడుముకంటే కింద ఉండేలా రోగి తొడకే కట్టాలి. మోసేవాళ్ల భుజానికి తగిలిస్తే మూత్రం వెనక్కి పోతుంది, మంచానికి కట్టి మరచిపోతే గొట్టం లాగేస్తుంది. డయాలసిస్ ఫిస్టులా (సూదులు గుచ్చేందుకు ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చెయ్యి పట్టుకోకూడదు, దానికి తాడు కట్టకూడదు. ఆ చేతికి ఒక ఎర్ర రిబ్బను ముందే కట్టి ఉంచితే కొత్తవాళ్లకూ తెలుస్తుంది. స్పర్శ తెలియని కాళ్లు ట్రాలీ ఇనుముకు ఒరుసుకున్నా, వేడి సైలెన్సర్‌కు తగిలినా వాళ్లకు తెలియదు. బూట్లో మేజోళ్లో వేయండి, దిగాక టార్చితో కాళ్లు చూడండి.

పల్లెల్లో చివరికి వచ్చేది ట్రాక్టరే. పరుపు వేసి, తలవైపు ఇంజన్ దిక్కున పెట్టి, ట్రాలీ ముందు భాగంలో పడుకోబెట్టాలి. తోక భాగంలో కుదుపు ఎక్కువ. పారే నీళ్లున్న చప్టా మీదికి మాత్రం ట్రాక్టరైనా ఎక్కకూడదు.

వీల్‌చైర్ కుషను రోగితో పాటే వెళ్లాలి. మనిషిని తీసుకెళ్లి కుషను వదిలేస్తే రెండు రోజుల గట్టి బల్ల మీద పుండు, ఆరు నెలల చికిత్స. చంకకర్రల అడుగున రబ్బరు బుష్‌లు అరిగి ఉంటే ఇప్పుడే మార్చండి, తడి గచ్చు మీద అరిగిన బుష్ సబ్బుతో సమానం.

చూపు, వినికిడి, మనసు

చూపులేనివాళ్లకు నీళ్లు నిలిచిన వీధిలో కర్ర పనిచేయదు, మూత లేని మ్యాన్‌హోల్ కర్రకు కూడా తెలియదు. చెయ్యి పట్టి లాగకండి. మీ మోచేయి వాళ్లను పట్టుకోనిచ్చి అరడుగు ముందు నడవండి, ‘మెట్టు దిగుతున్నాం’, ‘ఎడమకు’ అని చెబుతూ. శిబిరానికి చేరాక వాళ్ల చాప గోడ వారగా, గుమ్మానికి దగ్గర వేసి, మరుగుదొడ్డి దాకా రెండుసార్లు నడిపించి తేవాలి.

వినపడనివాళ్లకు ఆటోలో మైకు చాటింపు ఏమీ చేయదు. ఫోనులో జాతీయ విపత్తు సంస్థ వాళ్ల ‘సచేత్’ యాప్ వేసి, వైబ్రేషన్ పెట్టి దిండు కింద ఉంచాలి. పక్కింటివాళ్లలో ఒకరు వచ్చి తట్టి చెప్పే ఒప్పందం దానికంటే నమ్మకమైనది. రాత్రి చీకట్లో సైగలు కనపడవు కాబట్టి ఒక టార్చి వాళ్లకే ప్రత్యేకంగా. వినికిడి మిషన్‌కు అదనపు బ్యాటరీలు, సిలికా జెల్ వేసిన బిగుతు డబ్బా.

ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు కొత్త చోటు, రొద, తడి బట్టలు మూడూ కలిసి పడవు. వెళ్లబోయే చోటి ఫొటో ముందే చూపించండి. రోజూ తినే తిండి, పట్టుకుని పడుకునే దుప్పటి సంచిలో మొదట పెట్టండి. జేబులోనూ, చొక్కా లోపల కుట్టినట్టూ రెండు చోట్ల పేరు, ఫోను నంబరు ఉండాలి. శిబిరంలో మూల గది అడగండి.

వాన కురిసే రాత్రి

ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు రోగిని కిటికీకి దూరంగా, కరెంటు బోర్డు తగలని గోడ వైపు జరపాలి. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టకండి, కదిలి పడిపోతుంది. అపార్ట్‌మెంటులో లిఫ్టు వాడకండి, నీళ్లు సెల్లార్‌లోకి చేరితే మధ్యలో ఆగుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీని నేల మీద నుంచి ముందే ఎత్తైన బల్ల మీదికి ఎక్కించి ఉంచాలి, నీళ్లు గుమ్మం దాటితే మెయిన్ ఆపేయాలి. 108కి ఫోను చేస్తే ‘మేము ఫలానా మెయిన్ రోడ్డు దాకా తెస్తాం’ అని చెప్పండి, ఇంటి దాకా బండి రాలేదు.

నీరు తీశాక

మధుమేహం, వెన్ను దెబ్బ, కుష్ఠు వల్ల పాదాల్లో స్పర్శ లేనివాళ్లు బురద నీళ్లలో అడుగు పెట్టకూడదు. చిన్న గాయం నుంచి ఎలుక మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ ఎక్కుతుంది. ఆ తర్వాత నెల రోజుల లోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే మామూలు జ్వరం అనుకోకుండా డాక్టరుకు ‘వరద నీళ్లలో నడిచారు’ అని చెప్పండి. తాగే నీళ్లు తెర్లేదాకా కాచాలి, గొట్టంలో పోసే నీళ్లు కూడా.

నీళ్లలో మునిగిన బ్యాటరీ వీల్‌చైర్‌ను ఆరిందనుకుని స్విచ్ వేయకండి. లోపలి తేమకు కంట్రోలర్ కాలిపోతుంది, మెకానిక్ విప్పి ఆరబెట్టాలి. మామూలు వీల్‌చైర్‌ను మంచినీళ్లతో కడిగి, బేరింగులు తుడిచి గ్రీజు పెడితే సరిపోతుంది. పాడైన వాటికి ఫొటోలు తీసి, నష్టం రాసుకునేందుకు వచ్చినవాళ్లకు చూపించండి. ఇల్లు, పంట రాసుకుని కాలిపర్ (కాలికి కట్టే ఊతం), వీల్‌చైర్ రాసుకోవడం మరచిపోతారు. కృత్రిమ కాలు లోపల బురద చేరితే కడిగి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. కాలు కుదురుగా కూర్చోకపోతే తిరుపతిలోని బర్డ్ ఎముకల ఆసుపత్రిలో చూపించుకోండి. స్పాంజి కుషను పైన ఆరినా లోపల రెండు మూడు రోజులు తడిగానే ఉంటుంది. తొడుగు తీసి, ఎండలో నిలువుగా నిలబెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కితే చెమ్మ తగలని రోజున మాత్రమే మళ్లీ దాని మీద కూర్చోబెట్టండి.